40 లక్షలు చేతిలో ఉన్నాయి, 36 లక్షల సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. గుంటూరులో ఉంటారు, మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. ఇంటి అవసరాలకి క్రెటా ఉంది. హైదరాబాద్‌లో 2015 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ ఒకటి చూశారు. టీఎస్ 09 రిజిస్ట్రేషన్, మూడో ఓనరు, మీటరు మీద 38 వేల కిలోమీటర్లు, 36 లక్షలు చెప్తున్నారు. కంపెనీ సర్వీసు రికార్డు 2019 దాకానే ఉంది, ఆ తర్వాత బయట చేయించామంటున్నారు. మీ దగ్గర మొత్తం 40 లక్షలు. ఆదివారంలోపు అడ్వాన్స్ ఇవ్వకపోతే బండి పోతుందని బ్రోకరు తొందరపెడుతున్నాడు. తీసుకోవచ్చా అని అడిగారు.

36కి వద్దండి. 40 లక్షల్లో బండికి పెట్టేది 31, మహా అయితే 32 దాటకూడదు. ఇదే బండి ఆ ధరకి దిగి, కింద చెప్పబోయే తనిఖీలో నిలబడితే నిశ్చింతగా కొనండి. మూడు లీటర్ల స్ట్రెయిట్ సిక్స్ (ఒకే వరసలో ఆరు సిలిండర్ల ఇంజను), రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్, మడతపడే అల్యూమినియం టాపు. మీకు ఆశ పుట్టడంలో తప్పేం లేదు, నాకూ చాలా ఇష్టమైన బండి అది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను, అంతకుముందు హైదరాబాద్‌లో కంపెనీ వర్క్‌షాప్‌లో పనిచేశాను. యూరప్ బళ్ళే ఎక్కువ చూస్తాను. కొనే ముందు చూపించుకోడానికి వచ్చేవాళ్ళకంటే కొన్న మూడు నెలలకి టోయింగ్ బండి మీద వచ్చేవాళ్ళే ఎక్కువ కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కొత్తగా ఉన్నప్పుడు ఈ కారు షోరూం ధరే 70 లక్షల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు సగానికి పడింది. కానీ దాని వాటర్ పంపు ధర సగానికి పడలేదు, ఇంజెక్టర్ల ధర పడలేదు, టైర్ల ధరైతే పెరిగింది. మీరు కట్టేది 36 లక్షల కారు ధర, భరించాల్సింది 70 లక్షల కారు ఖర్చు. ధర ఒక్కటే చూసి "మన బడ్జెట్‌లోనే ఉందిగా" అనుకున్నవాళ్ళే ఇబ్బంది పడతారు. కొన్నాక చేతిలో డబ్బు మిగలకపోతే మొదటి రిపేరు వాయిదా పడుతుంది. ఆ చిన్న రిపేరే తర్వాత ఇంజను దాకా పోతుంది.

మా షెడ్డుకి వచ్చిన ఒక డాక్టరు గారి సంగతి చెప్తాను. ఇలాంటిదే ఒక టూ సీటరు, ఉన్న డబ్బంతా పెట్టి కొన్నారు. బండి బాగుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉందని మొదటి నెలలోనే గమనించారు. గేర్‌బాక్స్ ఆయిలు, ఫిల్టరు మార్పిద్దామంటే "వచ్చే నెల చూద్దాం" అన్నారు. అలా ఏడాది గడిచింది. చివరికి గేర్‌బాక్స్ దించాల్సొచ్చింది. ఆయన ఆ కారు అమ్మేసింది ఇష్టం పోయి కాదు, రిపేరు బిల్లు అప్పుడు కట్టలేక. ఇప్పటికీ షెడ్డుకి వస్తే ఆ కారు గురించే అడుగుతారు.

ఇక మీ 40 లక్షల లెక్క. బండి ధర మాత్రమే కాదు, ముందు లైఫ్ టాక్స్ ఉంది. తెలంగాణ బండిని గుంటూరులో ఉంచుకుంటారు కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే కొత్త నంబరు తప్పనిసరని మోటారు వాహనాల చట్టమే చెప్తుంది. ఏపీలో 20 లక్షలు దాటిన కొత్త కారుకి లైఫ్ టాక్స్ 18 శాతం. పాత బండికి వయసును బట్టి ఆ శాతం తగ్గుతుంది, కానీ లెక్క కట్టేది కారు అసలు ధర మీద, మీరు బేరమాడిన ధర మీద కాదు. వచ్చే మొత్తం లక్షల్లో ఉంటుంది. "టీఎస్ నంబరు మీదే తిప్పుకోండి, ఎవరడుగుతారు" అని బ్రోకరు అంటాడు. గుంటూరులో ఈ కారు రోడ్డెక్కిందంటే ఊరంతా చూస్తుంది, పోలీసులూ చూస్తారు. అసలు ఇన్‌వాయిస్ ధర కనుక్కుని, మన ఆర్టీఓ ఆఫీసులో లెక్క కట్టించుకున్నాకే బేరానికి కూర్చోండి.

ఇన్సూరెన్స్ దగ్గర కూడా చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. ఓనరు మారితే థర్డ్ పార్టీ కవరు మీకు వచ్చినట్టే లెక్క. మీ సొంత బండి డ్యామేజీ కవరు మాత్రం 14 రోజుల్లోపు మీ పేరుకి మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. పదేళ్ళు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ దొరకడం కష్టం. అంటే బంపరు పగిలినా పూర్తి డబ్బు రాదు. కొటేషన్ ముందే తెప్పించుకోండి. బండి 2015ది కాబట్టి 2030లో ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ టెస్టు వస్తాయి. మీరు మూడు నాలుగేళ్ళ తర్వాత అమ్ముదామనుకుంటే కొనేవాడు ఆ సంగతి ఎత్తి ధర కోస్తాడు.

ఇప్పుడు అసలు బండి దగ్గరికి వద్దాం. నేనైతే ఎక్కువసేపు దీని మీదే గడుపుతాను.

35ఐలో ఉండే ఇంజను పేరు ఎన్54. గొప్ప ఇంజనే, కానీ దాని బలహీనతలు ప్రపంచమంతా తెలుసు. మొదటిది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు. ఈ పంపు కోసమే బీఎండబ్ల్యూ 2010లో అమెరికాలో సుమారు లక్షా 30 వేల కార్లని వెనక్కి పిలిచింది. తర్వాత వచ్చినవి మెరుగైన పంపులు, అయినా పూర్తిగా నమ్మడానికి లేదు. అందుకే బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్ళేసరికి ఇంజను వేడెక్కి ఉంటే, అంటే బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, ఆ రోజుకి తిరిగొచ్చేయండి. చల్లటి ఇంజను ఎక్కువసేపు క్రాంక్ అయి అంటుకున్నా, ఐడిల్‌లో కుంటుతున్నా పంపో ఇంజెక్టర్లో తేడాగా ఉన్నట్టు. ఆరు ఇంజెక్టర్లూ మార్చాల్సొస్తే సుమారుగా రెండు లక్షల పైమాటే.

రెండోది వాటర్ పంపు. ఇందులో బెల్టుతో తిరిగేది కాదు, కరెంటు మోటారుతో నడిచేది. చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. చల్లటి దేశంలో అయితే పక్కకి తీసి ఆపుకునేంత వ్యవధి ఉంటుందేమో గానీ, మే నెలలో మన దగ్గర 45 డిగ్రీల ఎండలో, వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆగిందంటే వేడికి ఇంజను పైభాగం, అంటే హెడ్, వంగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పంపు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదని లెక్కేసుకుని, కొన్న వెంటనే థర్మోస్టాట్‌తో కలిపి మార్పించేయండి. బాగానే ఉంది కదా అని ఆగొద్దు.

మూడోది ఆయిల్ లీకులు. వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ రెండూ వయసుకి గట్టిపడి కారతాయి. గాస్కెట్ ధర పెద్దదేం కాదు. కానీ ఫిల్టర్ హౌసింగ్ నుంచి కారిన నూనె బెల్టు మీద పడితే బెల్టు జారి, చీలి, పోగులు క్రాంక్ సీల్ దాటి లోపలికి పోయిన సందర్భాలున్నాయి. అప్పుడు పోయేది ఇంజను. కాబట్టి లిఫ్ట్ ఎక్కించి, కింది ప్లేటు విప్పించి చూడాలి. పైనుంచి టార్చి వేసి చూస్తే సరిపోదు. బానెట్ కింద అంతా తళతళలాడుతుంటే నాకు అనుమానం ఎక్కువవుతుంది. పదేళ్ళ ఇంజను మీద కొంచెం దుమ్ము ఉండాలి. అమ్మే ముందు కడిగించారంటే ఎందుకు కడిగించారో చూడాలి.

ఇంకో సంగతి, మూడో ఓనరు కాబట్టి గట్టిగా అడగాలి: రీమ్యాప్ చేశారా? ఈ ఇంజను కంప్యూటర్‌తో కాస్త ఆడితే పవరు బాగా పెరుగుతుంది, అందుకే కుర్రాళ్ళు వదలరు. అమ్మే ముందు మళ్ళీ మామూలు ఫైల్ ఎక్కిస్తారు. అయితే సైలెన్సరు వైపు డౌన్‌పైపులు మార్చి ఉంటే, క్యాటలిటిక్ కన్వర్టరు పీకేసి ఉంటే లిఫ్ట్ మీద దొరికిపోతారు. పవరు పెంచి తోలిన బండి టర్బోలు, గేర్‌బాక్స్ ఎంత అరిగాయో ఎవరూ చెప్పలేరు. అలాంటిదైతే ధర తగ్గించినా నేను వద్దనే అంటాను.

38 వేల కిలోమీటర్లేగా అని మీరు సంతోషపడుతున్నారు. నిజమే అయితే పదేళ్ళ లెక్కన ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగలేదు. నిలబడిన బండిలో రబ్బరు ఎండుతుంది, సీళ్ళు పగులుతాయి, బ్యాటరీ చస్తుంది, టాపు చుట్టూ ఉండే రబ్బర్లు ఎండకి కుంచించుకుపోతాయి. ఏడాదికి ఎనిమిది, పదివేలు తిరిగి ప్రతి సర్వీసుకీ బిల్లున్న 80 వేల బండి నాకు ఎక్కువ నచ్చుతుంది.

పైగా అది నిజమా కాదా కూడా తేలాలి. మీటరు తిప్పేవాళ్ళున్నారు. కానీ ఈ తరం బీఎండబ్ల్యూలో కిలోమీటర్ల లెక్క మీటరులో ఒక్కచోటే ఉండదు, తాళంచెవిలో కూడా నమోదవుతుంది, ఇంకా కొన్ని మాడ్యూళ్ళలో కూడా ఉంటుంది. కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళి కీ రీడింగ్ చేయించండి, రెండు తాళాలూ చదివించండి. మీటరుకీ తాళానికీ పొంతన లేకపోతే అక్కడితో ఆ బేరం అయిపోయినట్టే. రెండో తాళం పోయిందంటే, కొత్తది చేయించే ఖర్చు ధరలోంచి తీయించండి. చాసిస్ నంబరుతో పాత సర్వీసు చరిత్ర కూడా అక్కడే అడగండి. 2019లో చివరి సర్వీసు నాడు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో తెలిస్తే ఆ తర్వాతి కథ సగం మీకే అర్థమవుతుంది.

ఆ 2019 తర్వాతి ఖాళీ నన్ను ఇంకో రకంగా కూడా భయపెడుతోంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వరదలొచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మన సింగ్‌నగర్ వైపు ఎన్ని వాహనాలు నీట మునిగాయో మనందరం చూశాం. మునిగిన బళ్ళు ఇన్సూరెన్స్ వాళ్ళ వేలంలో పోయి, శుభ్రపడి, వేరే ఊళ్ళో కొత్తగా మెరుస్తూ అమ్మకానికొస్తాయి. అలాంటిదొకటి నా దగ్గరికి వచ్చింది. సీట్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, లోపల మంచి సెంటు వాసన. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగితే, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద బురద చార కనిపించింది. కొనడానికి తెచ్చినాయన అప్పుడే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మీరూ అదే చేయండి. బెల్టు పూర్తిగా లాగండి, సీటు పట్టాల బోల్టులకి తుప్పు ఉందా, డిక్కీలో కార్పెట్ కింద తడి వాసన ఉందా, వైరింగ్ కనెక్టర్లు పచ్చబడ్డాయా చూడండి. మునిగిన స్పోర్ట్స్ కారుని బాగుచేయగలిగిన మెకానిక్ లేడు, నేనూ చేయలేను. ఎలక్ట్రానిక్స్ ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి.

టాపుని ఎండలో, వేడి మీద, మూడు నాలుగుసార్లు తెరిచి మూయించండి. సుమారు 20 సెకన్లలో ఒకే ఊపులో అయిపోవాలి. మధ్యలో ఆగినా, మోటారు మూలిగినా హైడ్రాలిక్స్‌లో లోపం ఉంది. తర్వాత పైపుతో నీళ్ళు కొట్టి లోపల కారుతుందేమో చూడండి. ఇది చేయనివ్వని అమ్మకందారుని నేను నమ్మను.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చాల్సిందే. 18 అంగుళాల చక్రాలైతే ముందు 225/40, వెనక 255/35, రన్‌ఫ్లాట్, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే రకం. నాలుగూ కలిపి లక్ష దాటుతుంది. స్టెప్నీ ఉండదు. సూర్యలంక బీచ్‌కి వెళ్తూ దారిలో టైరు సైడు చీలితే ఆ సైజు బాపట్లలో దొరకదు, తెప్పించుకోవాలి. అందుకని రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉన్న పాలసీయే తీసుకోండి.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు వరస, హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు అప్పు), ఇన్సూరెన్స్ తేదీ చూడండి. బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తుంటే దాన్ని తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు. తెలంగాణ చలాన్లన్నీ వాళ్ళతోనే కట్టించండి. చాసిస్ నంబరు బండి మీద, ఆర్సీ మీద ఒకటే ఉండాలి. ఇది బయట తయారై దిగుమతైన కారు కాబట్టి మొదటి ఇన్‌వాయిస్ కాపీ తప్పకుండా అడగండి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో భూటాన్ దారిన దొంగతనంగా వచ్చిన కార్లని పట్టుకున్నప్పుడు, వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళారు. మీది ఇక్కడి డీలరు అమ్మిన బండే అయితే ఇన్‌వాయిస్ దొరకడం కష్టమేం కాదు.

డబ్బంతా బ్యాంకు ద్వారానే. మన వైపు "సగం క్యాష్ ఇవ్వండి, ధర తగ్గిస్తా" అనే మాట మామూలైపోయింది. ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్నవాడికే. మీకు వచ్చే నష్టం వేరే ఉంది. రేపు బండిలో మోసం బయటపడి కోర్టుకెళ్తే, మీరు ఇచ్చిన క్యాషుకి రుజువే ఉండదు.

మీ జీవితంలో ఈ కారుకి చోటుందా అనేది కూడా చూసుకోండి. రెండే సీట్లు. బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో స్పీడ్ బ్రేకర్లు దీని కడుపుకి తగులుతాయి. టాపు తీసి తిరిగే వాతావరణం మనకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మిగతా నెలల్లో ఆనందమంతా తెల్లవారుజామున హైవే ఖాళీగా ఉన్నప్పుడే. అది చాలనుకుంటే నిజంగా చాలు. మంగళగిరి నుంచి ఒకాయన ఇలాంటి కారే నా చేత చూపించి కొన్నారు. కొన్నాక కొంత డబ్బు పక్కన పెట్టుకున్నారు, మొదటి నెలలోనే పంపు, ఆయిళ్ళు, టైర్లు అన్నీ మార్పించారు. ఆదివారం పొద్దున్నే ఒక్కరే తీస్తారు. ఇప్పటిదాకా రోడ్డు మీద ఆగలేదు. ఆ బండిని లిఫ్ట్ ఎక్కించినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: కోల్డ్ స్టోరేజీ ఆవరణలో పార్కు చేయొద్దు. గోడౌన్ల దగ్గర ఎలుకలుంటాయి, కదలని కారు వైరింగే వాటికి ముందు దొరుకుతుంది. మిర్చి ఘాటు దుమ్ముకి ఫిల్టర్లు కూడా తొందరగా నిండుతాయి. ఇంటి దగ్గర కప్పు కింద పెట్టి, ట్రికిల్ చార్జరు, అంటే బ్యాటరీని మెల్లగా చార్జ్ చేస్తూ ఉంచేది, తగిలించండి. బ్యాటరీ మార్చినప్పుడు కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయించాలి, మామూలు బ్యాటరీ షాపులో అది చేయరు. పెట్రోలు విషయంలో, యజమాని పుస్తకంలో ఎంత శాతం ఇథనాల్ దాకా ఒప్పుకుంటుందో చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం కలిపిందే మామూలైంది, నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచడం మంచిది కాదు.

వేరే ఏదైనా చూడొచ్చా అంటే: ఇదే బడ్జెట్‌లో పాత పోర్షే బాక్‌స్టర్ చూపిస్తారు. 2009కి ముందువైతే ఇంజను లోపల ఉండే ఐఎంఎస్ బేరింగ్ ఏమైందో తేలకుండా ముట్టుకోవద్దు. ఫోర్డ్ మస్టాంగ్ వీ8 ఇంజనుకి టర్బోలు లేవు, ఆ మేరకు తలనొప్పి తక్కువ. అయితే ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు 2021లోనే ప్రకటించింది, విడిభాగాలు ఎక్కడ తెప్పించుకుంటారో ముందే చూసుకోవాలి. ఏది కొన్నా పెద్ద పనికి హైదరాబాదో చెన్నయో పోవాల్సి రావచ్చు. హైదరాబాద్ 270 కిలోమీటర్ల పైన, ఫ్లాట్‌బెడ్ మీద.

రేపు బ్రోకరుకి ఇలా చెప్పండి: "కంపెనీ సర్వీసు సెంటరులో తనిఖీకి ఒప్పుకుంటే ఖర్చు నాది. రిపోర్టు బాగుంటే 31 ఇస్తాను, మొత్తం బ్యాంకులో." ఒప్పుకోకపోతే ఆదివారం దాటిపోనివ్వండి. మూడో ఓనరు పదేళ్ళ టూ సీటరుకి ఈ ధరలో కొనేవాళ్ళు క్యూ కట్టి ఉండరు, నెల తర్వాత అదే బండి తక్కువకి కనిపిస్తుంది చూడండి. తనిఖీకి ఒప్పుకుంటే స్కాన్ రిపోర్టు, కీ రీడింగ్, కింది ప్లేటు విప్పిన ఫోటోలు ఈ జవాబు కింద పెట్టండి. ఆయిలు ఎక్కడ కారుతోంది, ఏది వెంటనే మార్చాలి, దానికి ధరలో ఎంత తగ్గించి అడగాలి అన్నది చూసి రాస్తాను.